తాతకు కుట్టించిన బెల్‌బాటం

మా నాయిన పోయాక వచ్చిన మొదటి పెత్రమాసకు, ఆయనకు బట్టలు కొనడానికి నల్లగొండలో ఒక పెద్ద దుకాణానికి వెళ్లాను. ఆ అమావాస్య నాడు, పోయిన పెద్దల పేరున కొత్త బట్టలు పెట్టి, వాళ్లకు ఇష్టమైనవి వండి వడ్డించడం మా వైపు ఆనవాయితీ. పెద్దలు వచ్చి, తొడుక్కుని, తిని వెళ్లిపోయాక ఆ బట్టలు ఇంట్లోవాళ్లు కట్టుకుంటారు. తండ్రికి పెట్టినవి కొడుకుకు వస్తాయి. మా ఇంటి పద్ధతుల్లో చాలా వాటిని నేను ఉద్యోగంలో చేరిన కొత్తలోనే వదిలేశాను గాని, ఈ చివరిదాన్ని మాత్రం జాగ్రత్తగా గుర్తుపెట్టుకున్నాను.

"ఎవరికి సార్?" అన్నాడు దుకాణంలో కుర్రవాడు.

"మా నాయినకు."

"సైజ్ సార్?"

"నలభై రెండు," అన్నాను. అది నా సైజు. ప్యాంటుకు కూడా నా నడుము కొలతే చెప్పాను. గంధం రంగు లినెన్ అంగీ, దానికి తగ్గ ప్యాంటు తీశాడు.

"నాయిన మీ అంతనే ఉంటరా సార్? అయితే మీరే ఒకసారి ఏసి చూడుండ్రి. మల్ల మార్చుడు గిట్ల పంచాయితీ ఉండది."

వేసి చూశాను. అద్దం ముందు ఇటు తిరిగి, అటు తిరిగి, పొట్ట కొంచెం లోపలికి లాక్కున్నాను. చనిపోయిన తండ్రి బట్టల కోసం అద్దం ముందు పొట్ట బిగబట్టిన కొడుకులు ఈ జిల్లాలో ఇంకెంతమంది ఉన్నారో తెలియదు. ఉంటే వాళ్లతో నాకు మాట్లాడాలని ఉంది.

మర్నాడు హాలియా నుంచి మా చెల్లె సుగుణ వచ్చింది. గారెలు, ఒక సీసాలో కల్లు తెచ్చింది. నాయిన ఫొటో ముందు పీట వేసి, నేను తెచ్చిన సంచి విప్పి, అంగీని రెండు వేళ్లతో పట్టుకుని పైకెత్తింది.

"అన్నా, గిది నాయినకా, నీకా?"

"నాయినకే."

"నాయిన ఎన్నడన్న ప్యాంటు ఏసిండా?"

నేను జవాబు వెతుక్కునేలోపే ఆమె ముఖం మారింది. నా ముఖం కూడా మారి ఉంటుంది. "ఏసిండు గదనే," అన్నాను. ఇద్దరం ఒక్కసారే పకపకా నవ్వాం. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి, పెద్దల పూట ఇదేం నవ్వని కోప్పడింది. ఆమెకు ఆ ప్యాంటు సంగతి తెలియదు. ఇన్నేళ్ల కాపురంలో నేను చెప్పలేదు. ఆ ప్యాంటు కథలో మా ఇంట్లో అందరూ బాగానే కనిపిస్తారు, నేను తప్ప.

మా ఊరు కట్టంగూర్‌కు కొంచెం లోపలికి ఉంటుంది. అప్పుడు ఆముదాలు, పెసలు, వాన దయ చూపితే జొన్నలు పండేవి. ఇంట్లో పెత్తనమంతా అవ్వది, అంటే మా నాయిన తల్లిది. అవ్వ పెట్టిన కట్టుబాటు ఒకటుండేది. ఇంట్లోకి ఏ కొత్తగుడ్డ వచ్చినా అది ముందు తాత ఒంటిమీదికి పోవాలి. తాత ఒళ్లు మట్టిలో కలిసి చాలా కాలమైంది. నాయిన చంటిపిల్లాడిగా ఉన్నప్పుడే ఆయన పోయాడు. ఫొటో లేదు. నడింట్లో గోడకు అవ్వ అరచేయంత పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టేది. అదే మా తాత. మాకు దసరాకు తెచ్చే బట్టలన్నీ ముందుగానే పెత్రమాసకు తెచ్చి ఆ పసుపు మరక ముందు పెట్టేవాళ్లు. నా లాగూ అంగీ, చెల్లె గౌను, అమ్మ చీర, అన్నీ తాత కట్టి విడవాలి. విడిచాక సందూకలో పెట్టి తాళం వేసేవాళ్లు. దసరా దాకా మేం తాళం కప్పను చూసి తృప్తిపడాలి.

బట్టలు కొనడానికి బస్సెక్కి నల్లగొండ వెళ్లేవాళ్లం. సేటు దుకాణంలో తెల్లటి పరుపు మీద కూర్చోబెట్టి, తానుల మీద తానులు ధబధబా విసిరేవాడు. ఆ కొత్తగుడ్డ గంజి వాసన ముక్కుకు తగిలితే నాకు ఆకలయ్యేది. ఎన్ని తానులు విప్పినా కొనేది ఒక్కటే. అందులోంచే నా అంగీ, చెల్లె గౌను, మిగిలితే దిండు గలీబులు. పండగనాడు మేమిద్దరం జమ్మికి నడిచిపోతుంటే ఒక పెద్ద దిండు, ఒక చిన్న దిండు పోతున్నట్టుండేది. అంగీ కుట్టించేటప్పుడు అమ్మ మరవకుండా చెప్పే మాట, "జర వదులు పెట్టు. రేపు ఎదుగుతడు." నేను ఎదిగే లోపలే మోచేతుల దగ్గర అది చిరిగిపోయేది. అట్లా నా చిన్నతనమంతా రేపటి నా అంగీలోనే గడిచింది. చేతులు ఎప్పుడూ బయటికి కనబడేవి కావు.

నాయిన మాత్రం తనకేమీ కొనుక్కునేవాడు కాదు. "నాకెందుకు సేటూ, ఎడ్లెనుక పోయెటోన్ని," అనేవాడు. అంతలోనే గొంతు మార్చి, "మా నాయినకొక ధోతి చూపియ్యి," అనేవాడు. ఇక ఆయన వేరే మనిషి. మొదట చూపించింది పక్కకు నెట్టేసేవాడు. నేత వేళ్ల మధ్య నలిపి చూసేవాడు, వెలుతురుకు పట్టి చూసేవాడు, ఎర్రంచు సన్నగా ఉండాలనేవాడు.

"ఎంత మనిషి మీ నాయిన?" అని సేటు అడిగితే, "నా అంతనే," అనేవాడు, తానెన్నడూ చూడని తండ్రి గురించి. అని, ఆ ధోతిని తన నడుముకు చుట్టుకుని అమ్మ వైపు చూసేవాడు. అమ్మ ముఖం అటు తిప్పుకుని కొంగుతో నోరు మూసుకునేది. నాయిన తనకోసమే నున్నని ధోతి అడిగితే అవ్వ, "యవుసం జేసెటోనికి గంత నున్నంది ఎందుకురా?" అని గంపెడు మాటలనేది. తాతకైతే ఇంకా నున్ననిది ఎందుకు తేలేదని కోపం చేసేది. అందుకని మా ఇంట్లో మంచిబట్ట కట్టాలంటే చచ్చిపోయి ఉండాలి, లేదా చచ్చిపోయినవాడి కొడుకై ఉండాలి. నాయిన ఈ కిటుకు ఎప్పుడో కనిపెట్టాడు. అవ్వకు కూడా తెలుసని నా అనుమానం.

పెత్రమాస నాడు పొద్దుటి నుంచే ఇల్లంతా గారెల నూనె, కోడికూర మసాలా, ఊదు పొగ, పులిసిన కల్లు, వాటన్నిటి మీద కొత్తబట్టల గంజి వాసన. పసుపు మరక ముందు విస్తరేసి, పక్కన బట్టలు పేర్చి, ఒక చుట్ట కూడా పెట్టి, అవ్వ తలుపు దగ్గరేసేది. తాత తింటున్నంతసేపూ మేం బయట అరుగు మీద చప్పుడు చేయకుండా కూర్చోవాలి. నా చెవులు తలుపుకే ఉండేవి. నా లాగు తాతకు తొడల దాకా అయినా ఎక్కుతుందా, గుండీలు తెగ్గొట్టడు కదా అని నా భయం.

"అవ్వా, తాత అమ్మ చీర గూడ కట్టుకుంటడా?" అని ఒకసారి అడిగాను.

"కట్టుకోనీ. బతికున్నన్నాళ్లు గోశిపాత తప్ప ఏం కట్టిండు నీ తాత? ఇప్పుడన్న కట్టుకోనీ," అంది అవ్వ.

నేను పెద్ద బడికి మారిన ఏడు మా ఊరి పట్వారి కొడుకు పట్నం నుంచి బెల్‌బాటం ప్యాంటు వేసుకొచ్చాడు. తొడల దగ్గర బిగుతుగా ఉండి, మోకాలి కింద గొడుగులా విచ్చుకునేది. అతను నడుస్తుంటే దుమ్ము లేచేది. ఊళ్లో కోళ్లు పక్కకు తప్పుకునేవి. నాకు అన్నం సయించలేదు. లాగు వేసుకునేవాడికి ప్యాంటు అడిగే హక్కు మా ఇంట్లో లేదు. ప్యాంటు సంగతి అటుంచితే, తానులో ఏ రంగు కావాలో చెప్పే హక్కు కూడా లేదు. నాయిన కిటుకు తప్ప నాకు వేరే దారి కనిపించలేదు. ఆయన సేటు దగ్గర వాడాడు. నేను నేరుగా అవ్వ దగ్గరే వాడాను. పోయినవాళ్లు కలలో కనబడి ఏదైనా అడిగితే ఇవ్వకుండా ఉండకూడదని మా ఊళ్లో గట్టి నమ్మకం. ఒక పొద్దున అవ్వ పళ్లు తోముకుంటుంటే పోయి ముందు నిలబడ్డాను.

"అవ్వా, రాత్రి తాత కలలకొచ్చిండు."

అవ్వ వేపపుల్ల నోట్లోంచి తీసింది. "ఏమన్నడు?"

"బెల్‌బాటం గావాలన్నడు."

"గదేందిరా?"

"ప్యాంటు. కింద గింత వెడల్పుంటది."

"నీ తాత సచ్చిననాడు ఈ ఊర్ల ప్యాంటంటే ఎవనికి ఎరుక? దాని పేరు ఆయనకెట్ల తెలిసింది?"

నేను ఈ ప్రశ్న ఊహించలేదు. అయినా వెనక్కి తగ్గలేదు. "ఆడ చెప్పుకుంటరంట."

"ఎవలు?"

"కొత్తగ సచ్చినోళ్లు."

అవ్వ వంటింటి వైపు ఒకసారి చూసింది. తరువాత గొంతు తగ్గించి, "నన్ను గిట్ల అడిగిండారా?" అంది.

మెరుగు పెట్టాలనిపించింది. "అడిగిండు. మీ అవ్వ బాగున్నదా, మంచిగ తింటున్నదా అన్నడు."

అవ్వ వేపపుల్ల విరిచి అవతల పారేసింది. "బతికున్నన్ని దినాలు తిన్నవానే అని ఒక్కనాడు అడగని మనిషి. సచ్చినంక బుద్ధొచ్చిందన్నట్టు," అంది. నా అబద్ధం దొరికిపోయిందని ఆ పుల్ల విరిచిన చప్పుడుకే నాకు అర్థం కావలసింది. కాలేదు. "సరే. అడిగినంక ఊకుంటే మంచిది కాదు. కుట్టిద్దాం," అంటే నేను ఎగిరి గంతేశాను.

నాయిన నల్లగొండ పోయి కాఫీరంగు టెరికాటన్ గుడ్డ తెచ్చాడు. ఆ ఏడు ధోతి లేదు, తాను లేదు. తాత ఒక్కడి కోరికకే అందరి పండగ సరిపోయింది. కుట్టుపని చేసే రాజయ్య టేపు మెడలో వేసుకుని మా ఇంటికొచ్చాడు. నేను పరుగున పోయి ఆయన ముందు చేతులు పక్కకు చాపి నిలబడ్డాను.

"నువ్వెందుకు నిలవడ్డవురా?" అంది అవ్వ. "అడిగింది నువ్వా, నీ తాతనా?"

"తాతే..."

"మరి తాత కొలతలకే కుట్టాలె. పక్కకు జరుగు."

రాజయ్యకు ఏం చేయాలో తోచలేదు. "పెద్దమ్మా, ఆయన లేకపాయె. కొలతలెట్ల తియ్యాలె?"

"నేనున్న గద," అంది అవ్వ. లేచి దర్వాజ దగ్గరికి పోయింది. పైకమ్మి కింద ఒకచోట వేలు పెట్టి, "ఈడికి ఆయన తలకాయ. లోపలికొస్తే వొంగాలె," అంది. తన తుంటి మీద చేయి పెట్టి, ఇంకొంచెం పైకి జరిపి, "ఆయన నడుము నాకు గిక్కడికొచ్చేది," అంది. రాజయ్య అక్కడి నుంచి నేల దాకా టేపు వేలాడదీశాడు. నడుము చుట్టుకొలత అడిగితే అవ్వ తడుముకోలేదు. రెండు చేతులూ ముందుకు చాపి, గుండ్రంగా కలిపి, వేళ్లలో వేళ్లు బిగించింది. అవ్వ అంత గట్టిగా దేన్నీ పట్టుకోవడం నేను చూడలేదు. రాజయ్య ఆ చేతుల లోపలి ఖాళీ చుట్టూ టేపు తిప్పి కొలుచుకున్నాడు. అప్పుడు కూడా నేను నా ప్యాంటు పోయిందనే ఏడుస్తున్నాను.

పెత్రమాస నాడు తాత ముందు ఆ ప్యాంటు ఒక్కటే పెట్టారు. దసరా నాడు పసుపు పెట్టి, అవ్వ ఆ ప్యాంటు నాయిన చేతికిచ్చింది. తాతకు పెట్టినవి కొడుకే తొడుక్కోవాలి కదా.

"అమ్మా, నాకెందుకే ఈ బాధ? ఊరంత నవ్వుతది," అన్నాడు నాయిన.

"నీ నాయిన ముచ్చటపడి అడిగిండంట. నీ కొడుకే చెప్పిండు. ఏస్తవా, ఏయవా?"

నాయిన నా వైపు చూశాడు. నేను నేలను చూశాను. ఆయన లోపలికి పోయి తొడుక్కుని వచ్చాడు. తలకు తెల్ల రుమాలు, పైన బనీను, కింద కాఫీరంగు బెల్‌బాటం. నడుము సరిగ్గా కుదిరింది. పొడవే చాలా ఎక్కువైంది. గొడుగుల్లాంటి అంచులు ఆయన పాదాలు మింగేసి ఇంకా నేలమీద పరుచుకున్నాయి. చెల్లె కిసకిసా నవ్వింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాయిన మాత్రం నవ్వలేదు. వంగి, కాళ్ల కింద మిగిలిన గుడ్డను చేత్తో ఎత్తి పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

"అమ్మా, మా నాయిన గింత పొడుగుండెనా?"

"ఉండె," అంది అవ్వ.

"నేను నా అంతనే అనుకున్న."

"నువ్వు మీ మేనమామ లెక్క," అని అవ్వ పెరట్లోకి వెళ్లిపోయింది.

అమ్మ కత్తిరించి మడిచి కుడతానంది. నాయిన ఒప్పుకోలేదు. అంచులు రెండూ చేతులతో ఎత్తి పట్టుకుని, పెళ్లికూతురిలా నడుచుకుంటూ జమ్మికి బయలుదేరాడు. దారంతా మాటలే. "ఓ మల్లన్నా, సినిమాల చేరినవా?" "బావా, ఆ కాళ్ల కింద గంప లెక్క కోళ్లను గమ్ముకోవచ్చు గద!" నాయిన ఎవరికీ కోపంగా బదులివ్వలేదు. "మా నాయినది. ఆయన గింత మనిషి," అని గుడ్డ మిగులు చూపించాడు. జమ్మి ఆకు చేతిలో పెట్టి కౌగిలించుకునే ప్రతివాడికీ చూపించాడు. వెనక నేను నడిచాను, అదే కాఫీరంగు లాగు వేసుకుని. మిగిలిన ముక్కలతో అవ్వ కుట్టించింది. నా చిన్నతనంలో సరిగ్గా నా కొలతకు కుట్టిన బట్ట అదొక్కటే, వదులు పెట్టడానికి గుడ్డ చాలలేదు. నా కల నాయిన కాళ్లకు ఊగుతూ ముందు పోతుంటే, దాని తునక తొడుక్కుని వెనక పోయాను. అబద్ధానికి ఇంతకన్నా కచ్చితమైన కూలి నాకు తరువాత ఉద్యోగంలో కూడా ముట్టలేదు.

ఆ ప్యాంటు ఇంకొన్ని పండుగలు చూసింది. చిరిగాక అమ్మ దాన్ని కాలుకొక సంచిగా కుట్టింది. నోరు వెడల్పు కాబట్టి ఆముదాలు పోయడానికి బాగుందనేది.

ఇప్పుడు నా బీరువాలో గుండుసూదులు కూడా తీయని అంగీలున్నాయి. పండగతో పనిలేదు. ఫోన్‌లో వేలు పెడితే గుమ్మంలోకి బట్ట వస్తుంది, నచ్చకపోతే వెనక్కి పోతుంది. ఏదీ ఎవరి కోసమూ ఆగదు. గంజి వాసన లేదు, ప్లాస్టిక్ వాసన ఉంది. రేపు ఎదుగుతానని ఎవరూ వదులు పెట్టరు. ఎదగకుండా ఆపడానికే పొద్దున నడకకు పోతున్నాను. అప్పటి అంగీలు పెద్దవని ఏడ్చినవాణ్ణి, ఇప్పుడు కొలతకు అతికినట్టున్న అంగీల్లో ఏం సుఖపడ్డానో చెప్పలేను. దసరాకు జమ్మి పెట్టడానికి ఊరికి పోవడం కూడా చాలా ఏళ్లకిందే మానేశాను. నాయినకు ఫోన్‌లో జమ్మి ఆకు బొమ్మ పంపేవాణ్ణి. ఆయన చూపు అప్పటికే మందగించిందని తెలిసి కూడా పంపేవాణ్ణి.

నవ్వు ఆగాక సుగుణ ఆ లినెన్ అంగీని పీట మీద మడత పెట్టబోయి, కాలర్ లోపలి అంకె చూసింది.

"నలభై రెండా? నాయినకా?"

నేను గారెల గిన్నె పీట దగ్గరికి జరిపాను.

"ఆఖరికి నాయిన ఎంతయిండో ఎరుకేనా అన్నా నీకు?"

నాకు ఎరుక లేదు. ఆయన చివరి నెలలు మా ఇంట్లోనే, ఆ పక్క గదిలోనే గడిచాయి. నాకు నడుము నొప్పి. బరువులు ఎత్తొద్దని దవాఖానలో చెప్పారు. నాయినను కూడా నేను ఆ బరువుల్లో చేర్చాను. సుగుణ తన ఇల్లు వదిలి వచ్చి, రోజూ ఆయనను ఎత్తి కూర్చోబెట్టి, ఒళ్లు తుడిచి, ధోతి మార్చింది. నేను గుమ్మంలో నిలబడి, "జర పైలం," అనేవాణ్ణి.

సుగుణ అంగీ కింద పెట్టి, రెండు చేతులూ ముందుకు చాపి, గుండ్రంగా కలిపింది. వేళ్లు కలిసి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, మణికట్లు కూడా దాటాయి. ఆ చేతుల మధ్య మిగిలిన జాగా చూశాను. అందులో తాత బెల్‌బాటం నిలవదు. నేను తెచ్చిన ప్యాంటు నిలవదు. ఆ దసరాకు ముక్కలతో కుట్టిన నా లాగైతే సరిగ్గా పట్టేది.

"గింతే," అంది సుగుణ.

కల్లు పోసి, తలుపు దగ్గరేసి, అందరం బాల్కనీలో నిలబడ్డాం. చాలా కాలం తరువాత నా చెవులు మళ్లీ తలుపుకే ఉన్నాయి. లోపల నాయిన ఆ అంగీలో చేతులు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ ఉంటాడు. రేపు ఎదుగుతాడని సర్దిచెప్పడానికి కూడా వీల్లేదు.

తలుపు తీశాక అంగీ పెట్టిన మడత మీదే ఉంది. సుగుణ కాలర్ కొసకు పసుపు రాసి నా చేతిలో పెట్టింది.

"తొడుక్కో అన్నా. నాయిన ఇడిచిండు."

దసరాకు తొడుక్కున్నాను. కాలనీలో అందరూ మెచ్చుకున్నారు. చాలా బాగా కుదిరింది.